ఒబర్‌రోట్‌హార్న్ ఒక్కరోజు శిఖరయాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

స్విట్జర్లాండ్ దక్షిణ కొసన, వాలే కాంటన్‌లో (కాంటన్ అంటే అక్కడి రాష్ట్రం) జెర్మాట్ అని ఒక ఊరుంది. ఆ ఊరికి తూర్పున ఉన్న కొండల్లో ఒబర్‌రోట్‌హార్న్ ఒకటి. ఎత్తు 3,414 మీటర్లు. తాడు, మంచుగొడ్డలి, గైడు ఏవీ లేకుండా, గుర్తులు పెట్టిన కాలిబాట మీదే కొసదాకా నడిచి అదే రోజు దిగి రాగలిగిన ఆల్ప్స్ శిఖరాల్లో ఇంత ఎత్తువి చాలా తక్కువ. జ్యూరిక్, బాసెల్, మ్యూనిక్ వైపు ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళు, సెలవులకు ఇండియా నుంచి వచ్చే వాళ్ళ ఇంటివాళ్ళు దీని గురించి మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. టికెట్ ధరలు, కేబుల్ కార్ వేళలు ఏటా మారుతుంటాయి కాబట్టి ధరలు ఇక్కడ ఇవ్వలేదు, వేళలు ఉజ్జాయింపుగానే ఇచ్చాను. బయల్దేరే ముందు రోజు మీరే చూసుకోండి.

ఇది నడకా, పర్వతారోహణా?

నడకే. కానీ పార్కులో నడక కాదు.

స్విట్జర్లాండ్‌లో కాలిబాటలకు మూడు రకాల గుర్తులుంటాయి. ఉత్త పసుపు పలక ఉంటే మామూలు దారి, ఎవరైనా నడవొచ్చు. రాళ్ళ మీద తెలుపు, ఎరుపు, తెలుపు చారలుంటే అది కొండదారి. నిటారుగా, ఇరుగ్గా ఉంటుంది. అడుగు తడబడకూడదు, లోతు చూస్తే కళ్ళు తిరగకూడదు. తెలుపు, నీలం, తెలుపు చారలైతే చేతులు కూడా వాడి ఎక్కాల్సిన దారి. అనుభవం లేనివాళ్ళు అటు పోకూడదు. ఒబర్‌రోట్‌హార్న్ దారి శిఖరం దాకా రెండో రకమే. స్విస్ ఆల్పైన్ క్లబ్ వాళ్ళ కొలమానంలో టి1 నుంచి టి6 దాకా మెట్లున్నాయి. ఇది టి3 కిందికి వస్తుంది. ఈ దారిలో హిమానీనదం మీద ఎక్కడా కాలు పెట్టక్కర్లేదు. అసలు సంగతి అదే. ఆల్ప్స్‌లో ఇంత ఎత్తుకి పోవాలంటే సాధారణంగా మంచు దాటాలి, మంచు దాటాలంటే తాడు కావాలి. ఇక్కడ ఆ అవసరం లేదు.

తిరుమల మెట్లెక్కినవాళ్ళం, సరిపోదా?

అలిపిరి దారిలో 3,550 మెట్లు ఆగకుండా ఎక్కగలిగితే కాళ్ళ సంగతి బాగానే ఉందని అర్థం. బ్లౌహెర్డ్ నుంచి మొదలుపెడితే ఇక్కడ ఎక్కాల్సింది సుమారు 850 మీటర్లు. తేడా వేరే చోట ఉంది. ఇక్కడ మెట్లుండవు, నీడ ఉండదు, దారి పొడవునా దుకాణాలుండవు, అలసిపోతే జీపు రాదు. ఎక్కినంతా అవే కాళ్ళతో దిగాలి. పైగా గాలి పలచన. తిరుమలలో గుక్క తిప్పుకోవడానికి ఒక నిమిషం పడితే ఇక్కడ మూడు నిమిషాలు పడుతుందని లెక్క వేసుకుని రండి.

కేబుల్ కార్‌లో ఇంతకంటే ఎత్తుకే పోవచ్చు కదా, నడవడం దేనికి?

నిజమే. జెర్మాట్ నుంచి క్లైన్ మాటర్‌హార్న్ స్టేషన్‌కి కేబుల్ కార్ ఉంది, అది 3,883 మీటర్లు. గోర్నర్‌గ్రాట్‌కి పళ్ళచక్రాల రైలు 1898 నుంచి నడుస్తోంది, అది 3,089 మీటర్లు. ఇంట్లోవాళ్ళతో ఒక్క పూట గడపడానికి వస్తే గోర్నర్‌గ్రాట్‌కే వెళ్ళండి, నడక జోలికి పోకండి. కొండ ఎక్కడం మీకు సరదా అయితేనే ఇది. ఒక మాట మాత్రం చెప్పొచ్చు. గోర్నర్‌గ్రాట్ మీద సెల్ఫీ కోసం వరసలో నిలబడాలి. ఒబర్‌రోట్‌హార్న్ కొన మీద ఆగస్టు వారాంతంలో కూడా కూర్చోవడానికి రాయి దొరుకుతుంది.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మూడు దారులున్నాయి. మూడూ చివరికి ఫుర్గ్‌జీ అనే కనుమ దగ్గర, 2,981 మీటర్ల ఎత్తున కలుస్తాయి. అక్కడి నుంచి పైకి దారి ఒక్కటే.

మొదటిది, అందరూ పోయేది: జెర్మాట్‌లో సొరంగంలో నడిచే రైలెక్కితే కొద్ది నిమిషాల్లో సున్నెగ్గా (2,288 మీటర్లు). అక్కడి నుంచి కేబుల్ కార్‌లో బ్లౌహెర్డ్ (2,571 మీటర్లు). బ్లౌహెర్డ్ నుంచి నడక. ఇరవై నిమిషాల్లో స్టెల్లిజే చెరువు, ఆ తర్వాత అరగంటకి ఫ్లూఆల్ప్ వసతిగృహం, అక్కడి నుంచి ఎడమకు తిరిగి ఫుర్గ్‌జీ.

రెండోది బద్ధకస్తుల దారి. బ్లౌహెర్డ్ దగ్గర దిగకుండా పై కేబుల్ కార్‌లో రోట్‌హార్న్ స్టేషన్‌కి, అంటే ఉంటర్‌రోట్‌హార్న్ కొన మీదికి పోవడం. అది 3,103 మీటర్లు. అక్కడి నుంచి ఫుర్గ్‌జీకి దిగి, మళ్ళీ 430 మీటర్లు ఎక్కితే శిఖరం. కాగితం మీద చాలా తేలిక. కానీ నేనైతే మొదటిసారి వచ్చేవాళ్ళకు ఇది చెప్పను. ఊళ్ళోంచి అరగంటలో పదిహేను వందల మీటర్లు పైకి పోయి, ఒళ్ళు వేడెక్కకముందే మూడు వేల మీటర్ల గాలిలో నిటారు దారి మొదలుపెడితే తలనొప్పి తెచ్చుకున్నట్టే. బ్లౌహెర్డ్ నుంచి పోతే మొదటి గంట దాదాపు చదునుగా ఉంటుంది, ఊపిరి లయలో పడుతుంది. తిరుగు ప్రయాణంలో ఓపిక ఉంటే అప్పుడు రోట్‌హార్న్‌కి ఎక్కి కేబుల్ కార్ పట్టుకోవచ్చు. ఆ ఎక్కుడు 120 మీటర్లే అయినా, ఆ వేళకు ఎవరికీ ఇష్టం ఉండదు.

మూడోది జెర్మాట్ నుంచే నడుచుకుంటూ పోవడం. 1,800 మీటర్ల ఎక్కుడు, అంతే దిగుడు. గట్టివాళ్ళకే.

మొత్తం ఎంతసేపు పడుతుంది?

బ్లౌహెర్డ్ నుంచి పైకి రెండున్నర నుంచి మూడు గంటలు. దిగడానికి రెండు గంటలు. తిండికి, ఫొటోలకు, పైన కూర్చోవడానికి ఇంకో గంటన్నర. ఇక్కడి దారి పలకల మీద దూరం కాదు, సమయం రాసి ఉంటుంది. ఆ సమయంలో విశ్రాంతి కలిపి ఉండదు. పలక మీద ఉన్నదానికి మూడో వంతు కలుపుకుంటే మనలాంటివాళ్ళ లెక్కకు సరిపోతుంది.

ఈ కొండ మీద కష్టమంతా గడియారంతోనే. మొదటి రైలు పొద్దున ఎనిమిది ప్రాంతంలో, బ్లౌహెర్డ్ నుంచి చివరి కేబుల్ కార్ సాయంత్రం ఐదుకి కాస్త అటూ ఇటూ. నెలను బట్టి మారుతుంది కాబట్టి ఎక్కే ముందే స్టేషన్‌లో బోర్డు ఫొటో తీసుకోండి. మధ్యాహ్నం ఒంటిగంటకి మీరు ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందే అనుకోండి. కొస కంటికి కనిపిస్తున్నా సరే. ఇంకొక్క ఇరవై నిమిషాలే అనిపించిన చోట చాలామందికి నిజానికి ఇంకో గంట ఉంటుంది.

చివరి కేబుల్ కార్ తప్పిపోతే?

నడిచి దిగాలి. బ్లౌహెర్డ్ నుంచి జెర్మాట్‌కి 960 మీటర్ల దిగుడు, రెండు గంటల పైనే. ప్రమాదమేమీ లేదు, మోకాళ్ళు మాత్రం వారం రోజులు గుర్తు చేస్తాయి. సంచిలో తలకు కట్టుకునే లైటు ఉంచుకోండి. ఫోన్ లైటు మీద ఆధారపడొద్దు, ఆ పాటికి చార్జి ఉండదు.

జ్యూరిక్ నుంచి పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చా?

రైల్లో జ్యూరిక్ నుంచి విస్ప్‌కి రెండు గంటలు, అక్కడ మారి జెర్మాట్‌కి ఇంకో గంటా పది నిమిషాలు. మొదటి రైలు పట్టుకుంటే లెక్క కుదురుతుంది, కానీ రోజంతా టెన్షనే. ముందు రోజు సాయంత్రానికే వచ్చి పడుకోవడం మేలు. పొద్దున మొదటి రైలెక్కొచ్చు, ఒళ్ళు కాస్త ఎత్తుకి అలవాటు పడుతుంది. జెర్మాట్ ఊరే 1,600 మీటర్ల మీద ఉంది. ఆంధ్రలో తూర్పు కనుమల్లోని అన్నిటికంటే ఎత్తైన కొండలు దాదాపు అంత ఎత్తు.

జెర్మాట్‌లోకి పెట్రోలు కార్లు రానివ్వరు. కార్లో వచ్చేవాళ్ళు టేష్‌లో పార్క్ చేసి షటిల్ రైలెక్కాలి, పన్నెండు నిమిషాలు. ఆ పార్కింగ్, టికెట్, పరుగు అన్నీ కలిపి అరగంట తింటాయి.

ఏ నెలలో వెళ్ళాలి?

జూలై రెండో సగం నుంచి సెప్టెంబర్ చివరి దాకా. నా ఓటు సెప్టెంబర్ మొదటి పదిహేను రోజులకే. పాత మంచు కరిగిపోయి ఉంటుంది, మధ్యాహ్నం ఉరుముల వానలు తగ్గుతాయి, గాలి తేటగా ఉండి చాలా దూరం కనిపిస్తుంది. జూలై మొదట్లో పై వంపుల్లో నిరుటి మంచు గట్టిపడి ఉండొచ్చు. పొద్దున పూట అది గాజులా ఉంటుంది. దారి మంచు కింద కనిపించకపోతే, బూట్ల కింద ముళ్ళపట్టీలు లేకపోతే, వెనక్కి రావడమే. ఆగస్టులో కూడా ఒక్క రాత్రిలో కొత్త మంచు పడొచ్చు. రెండు రోజులాగితే మళ్ళీ దారి తేలుతుంది.

ఎత్తు వల్ల తలనొప్పి, వాంతులు వస్తాయా?

కొందరికి వస్తాయి. 3,400 మీటర్ల దగ్గర ఒక్కో గుక్కలో అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానిలో మూడింట రెండు వంతులే. ఎత్తు జబ్బు లక్షణాలు చేరిన వెంటనే కాక, చాలాసార్లు కొన్ని గంటలు గడిచాక మొదలవుతాయి. పగటిపూట ఎక్కి దిగిపోయేవాళ్ళలో చాలామందికి తేలిగ్గా గడిచిపోవడానికి ఇదో కారణం. అలాగని ధీమా వద్దు. హైదరాబాద్ నుంచి విమానం దిగిన మర్నాడే ఎక్కడం తెలివైన పని కాదు, నిద్రలేమి, ఎత్తు రెండూ కలిసి దెబ్బ తీస్తాయి.

మాట్లాడుతూ నడవగలిగినంత నెమ్మదిగా నడవండి. మాట ఆగిపోతోందంటే వేగం ఎక్కువైందని అర్థం. తలనొప్పి, వికారం మొదలైతే ఆగండి, నీళ్ళు తాగండి. తగ్గకపోతే దిగండి. నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా ఇక ఆలోచించేది లేదు, తోడు పెట్టి వెంటనే దిగాలి. మాత్రలు వేసుకోవచ్చా అని అడుగుతుంటారు. అది మీ డాక్టరుని అడగాల్సిన ప్రశ్న. బీపీ, గుండె, ఆస్తమా ఉన్నవాళ్ళు, గర్భిణులు ముందే అడిగి రావాలి.

చివరి భాగం భయంగా ఉంటుందా?

అందరూ ఎక్కువగా అడిగేది ఇదే.

ఫుర్గ్‌జీ కనుమ దాకా భయపడేదేమీ లేదు. ఫ్లూఆల్ప్ దాటాక గడ్డి పోతుంది, ఎర్రమట్టి రంగు రాతిముక్కలు మొదలవుతాయి. కనుమ మీద నిలబడితే ఒక పక్క ఉంటర్‌రోట్‌హార్న్ స్టేషన్, ఇంకో పక్క ఎక్కాల్సిన కొండ. కింది నుంచి చూస్తే దారి ఎక్కడుందో కనిపించదు. నిటారు గోడలా ఉంటుంది. చాలామంది అక్కడే జావగారిపోతారు. దగ్గరికి పోతే ఆ గోడ మీద మెలికలు తిరుగుతూ చక్కగా కోసిన దారి ఉంటుంది, వెడల్పు ఒక మనిషి నడిచేంత, కొన్ని చోట్ల ఎదురొచ్చేవాళ్ళు ఆగి పక్కకి తప్పుకునేంత. ఒక వైపు కొండ, ఒక వైపు వాలు. ఆ వాలు ఎక్కువ చోట్ల నిలువు లోయ కాదు, రాతిముక్కల జారుడు. కానీ జారితే ఆగడం కష్టం.

పలకలు పలకలుగా విడిపోయే రాయి ఇది. కాలు పెట్టినప్పుడు చిన్న బిళ్ళలు బూటు కింద కదులుతాయి, ఒకదాని మీద ఒకటి పింగాణీ చప్పుడు చేస్తాయి. పాదం మొత్తం ఆనించి, బరువు నెమ్మదిగా మార్చుకుంటే కదలవు. మడమతో గుద్దినట్టు నడిస్తే కదులుతాయి. ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. దిగేటప్పుడు మోకాలు కాస్త వంచి, అడుగు చిన్నగా వేసి, ముందుకి వంగండి. భయంతో వెనక్కి వాలితేనే జారేది. కర్రలుంటే దిగేటప్పుడు పొడవు పెంచుకోండి.

రాయి మీ కాలికి తగిలి కిందికి దొర్లితే గట్టిగా అరవండి. 'స్టైన్' అని ఇక్కడివాళ్ళు అరుస్తారు, మీరు 'రాయి' అని అరిచినా ఎవరూ తప్పుపట్టరు, తల ఎత్తి చూస్తారు. ఇరుకు చోట ఎక్కేవాళ్ళకు దారి ఇవ్వడం ఇక్కడి మర్యాద. ఆగినప్పుడు కొండవైపు ఒరిగి నిలబడండి, లోయవైపు కాదు.

ఎత్తైన భవనం బాల్కనీలో రెయిలింగ్ పట్టుకోకుండా నిలబడలేనివాళ్ళకు ఈ చివరి గంట ఇబ్బందే. అలాంటివాళ్ళు ఫుర్గ్‌జీ దాకా వచ్చి ఆగిపోయినా దాదాపు మూడు వేల మీటర్లు ఎక్కినట్టే.

మా మామగారికి 66 ఏళ్ళు, రోజూ వాకింగ్ చేస్తారు. పిల్లాడికి ఏడేళ్ళు. తీసుకురావచ్చా?

ఇద్దరినీ శిఖరానికి వద్దు. మామగారిని కాదనడం వయసును చూసి కాదు. మీకంటే ముందు పైకి చేరే డెబ్భై ఏళ్ళ స్విస్ పెద్దలు దారి పొడవునా కనిపిస్తారు. కానీ చదును మీద వాకింగ్ వేరు, రెండు గంటలు వదులు రాళ్ళ మీద దిగడం వేరు. ముందు చిన్న కొండ ఒకటి ఎక్కించి, మర్నాడు మోకాళ్ళు ఎలా ఉన్నాయో అడిగి నిర్ణయించండి. పెద్దవాళ్ళు మన ముందు నొప్పి ఒప్పుకోరు, అత్తయ్యగారిని అడిగితే నిజం తెలుస్తుంది.

వాళ్ళ కోసం అదే కొండ మీద ఐదు చెరువుల దారి ఉంది: స్టెల్లిజే, గ్రిండ్‌జీజే, గ్రూన్‌జే, మోస్‌జీజే, లైజే. బ్లౌహెర్డ్ నుంచి సున్నెగ్గా దాకా రెండున్నర, మూడు గంటలు. లైజే దగ్గర పిల్లలు నీళ్ళలో ఆడుకునే చోటు కూడా ఉంది. ఇంటిల్లిపాదీ పొద్దున స్టెల్లిజే దాకా కలిసి వచ్చి, అక్కడ విడిపోయి, సాయంత్రం సున్నెగ్గాలో కలుసుకోవడం మంచి ఏర్పాటు.

బూట్లు, బట్టలు ఏం కావాలి?

బూట్ల మీద డబ్బు పెట్టండి, మిగతావాటి మీద ఆదా చేయండి. చీలమండను కప్పే, అడుగున లోతైన గాడులున్న హైకింగ్ బూట్లు కావాలి. కొత్తవి నేరుగా కొండ మీద వేసుకోకండి, ముందు పది రోజులు ఆఫీసుకి వేసుకెళ్ళినా పర్వాలేదు. రన్నింగ్ షూతో వచ్చేవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళు దిగేటప్పుడు కూడా కనిపిస్తారు, గడ్డిలో కూర్చుని కాలి గోళ్ళు చూసుకుంటూ.

జీన్స్, కాటన్ టీషర్టు వద్దు. చెమటకు తడిసి, పైన గాలికి చల్లబడి, ఆరవు. సింథటిక్ లేదా ఉన్ని బనియను, పైన పలచని ఫ్లీస్, ఆ పైన గాలీ వానా ఆపే జాకెట్. వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. జెర్మాట్‌లో 20 డిగ్రీలుంటే కొస మీద 8 ఉంటుంది, గాలి వీస్తే అంతకంటే తక్కువ అనిపిస్తుంది. పలచని గ్లవ్స్, చెవులు మూసే టోపీ ఆగస్టులో కూడా సంచిలో ఉండాలి. ఎండ మాత్రం మండిస్తుంది. సన్‌స్క్రీన్ ముక్కుకి, చెవుల వెనక, పెదాలకి కూడా రాయండి. మన చర్మానికి ఎండ ఏం చేస్తుందిలే అనుకునేవాళ్ళ ముక్కు మూడో రోజుకి పొరలు లేస్తుంది.

తిండి, నీళ్ళు? శాకాహారులం.

నీళ్ళు మనిషికి రెండు లీటర్లు. ఫ్లూఆల్ప్ దాటాక నీళ్ళు దొరుకుతాయని లెక్క పెట్టుకోకండి.

ఫ్లూఆల్ప్‌లో భోజనం దొరుకుతుంది. బంగాళాదుంప తురుముతో చేసే రోష్టి అడగొచ్చు, 'మాంసం లేకుండా, బేకన్ లేకుండా' అని రెండూ విడివిడిగా చెప్పండి. ఇక్కడ కొందరి దృష్టిలో బేకన్ ముక్కలు మాంసం కిందికి రావు, అలంకారం కిందికి వస్తాయి. జెర్మాట్‌లో కోప్, మిగ్రోస్ సూపర్ మార్కెట్లున్నాయి, రొట్టె, చీజు, పళ్ళు ముందు రోజే కొనుక్కోవచ్చు.

కొండ మీదికి మన తిండిలో పులిహోరకు మించింది లేదు. చల్లబడినా బావుంటుంది, చెడిపోదు, పల్లీలున్నాయి, ఉప్పుంది, చింతపండు పులుపు నోరు ఎండిపోకుండా చూస్తుంది. ఎత్తు మీద ఆకలి చచ్చిపోతుంది, తీపి బార్లు సహించవు, అప్పుడు రెండు ముద్దలు పులిహోర పోతాయి. కరివేపాకు, మిరపకాయలు కింద పారేయకండి. ఆ చలిలో అవి ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. పెరుగన్నం మాత్రం మూత ఊడితే సంచంతా పాడు.

మరుగుదొడ్లు?

స్టేషన్లలో, ఫ్లూఆల్ప్‌లో. పైన లేవు. వాడిన టిష్యూ కవర్లో వేసుకుని కిందికి తెచ్చుకోవాలి.

వాతావరణం ఎలా చూసుకోవాలి?

మెటియోస్విస్ యాప్‌లో ముందు రోజు సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి చూడండి. జెర్మాట్ ఊరి వాతావరణం చూసి ఊరుకోవద్దు, మూడు వేల మీటర్ల గాలి వేగం, ఎన్ని మీటర్ల పైన సున్నా డిగ్రీలు ఉంటుందో చూడండి. సున్నా గీత 3,000 కింద ఉంటే పై దారి గడ్డకట్టి ఉంటుంది.

వేసవిలో ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే. పొద్దున నీలంగా ఉన్న ఆకాశంలో పదకొండు గంటలకల్లా తెల్లని మబ్బులు కాలీఫ్లవర్‌లా పైకి పెరుగుతుంటే అది హెచ్చరిక. ఉరుము వినిపించాక ఆలోచించడం ఆలస్యం. కొనల మీంచి, గట్ల మీంచి ముందు దిగాలి. లోహపు కర్రలు పక్కన పడేసి, పల్లపు చోట సంచి మీద పాదాలు దగ్గరగా పెట్టి గొంతుకూర్చోవాలి, గుంపుగా కాకుండా దూరం దూరంగా.

పొగమంచు కమ్మితే రాళ్ళ మీది ఎరుపు తెలుపు చారలే దిక్కు. ఒక గుర్తు దగ్గర నిలబడి తర్వాతి గుర్తు కనిపించేదాకా కదలకండి.

ఏదైనా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి?

వాలే కాంటన్‌లో 144. ఎక్కడున్నారో, ఏం జరిగిందో, ఎంతమందో చెప్పండి. యూరప్ అంతటా పనిచేసే 112 కూడా పనికొస్తుంది. ఈ ప్రాంతంలో హెలికాప్టర్‌తో వచ్చేది ఎయిర్ జెర్మాట్, 1968 నుంచి ఉన్న సంస్థ. హెలికాప్టర్ కనిపించాక రెండు చేతులూ వై ఆకారంలో పైకెత్తితే 'సాయం కావాలి' అని. చాలామంది ఇక్కడే పొరబడతారు, సరదాగా చేతులు ఊపుతారు. మీకు అవసరం లేకపోతే ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి కిందికి పెట్టాలి.

ఫోన్ పనిచేయకపోతే ఈల లేదా లైటు: నిమిషానికి ఆరుసార్లు, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఆరుసార్లు. జవాబు నిమిషానికి మూడుసార్లు వస్తుంది.

బీమా అవసరమా?

తప్పకుండా. హెలికాప్టర్ ఖర్చు వేల ఫ్రాంకుల్లో ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో వారానికి కనీసం 8 గంటలు ఒకే యజమాని దగ్గర పనిచేసేవాళ్ళకు ఉద్యోగం తరఫున ప్రమాద బీమా ఉంటుంది. ఉద్యోగం లేని భార్యకో భర్తకో అది వర్తించదు. వాళ్ళకు ఆరోగ్య బీమా కింద రక్షణ ఖర్చులో సగమే, అదీ ఏడాదికి 5,000 ఫ్రాంకుల లోపే ఇస్తారు. ఇంట్లో ఒకరికి ఉందని అందరికీ ఉందనుకోవడం మనవాళ్ళలో చాలా చూస్తుంటాను. ఇండియా నుంచి వచ్చేవాళ్ళు వీసా కోసం తీసుకున్న పాలసీ కాగితం చదవాలి. ట్రెకింగ్‌కి ఎత్తు పరిమితి, కొండల్లో గాలింపు ఖర్చు గురించి ఏం రాశారో చూడాలి. ఎయిర్ జెర్మాట్ వాళ్ళ రక్షణ కార్డు కూడా తీసుకోవచ్చు.

గైడు కావాలా? అనుమతి, రుసుము?

ఏవీ అక్కర్లేదు. రైలు, కేబుల్ కార్ టికెట్ చాలు. హాఫ్ ఫేర్ కార్డు, స్విస్ ట్రావెల్ పాస్ ఉన్నవాళ్ళకు కొండ రైళ్ళలో సాధారణంగా సగం ధరే. తిరుగు టికెట్ ఎక్కడి నుంచి కావాలో ముందే తేల్చుకోండి, రోట్‌హార్న్ నుంచి దిగుతామా, బ్లౌహెర్డ్ నుంచా అని.

పైనుంచి ఏం కనిపిస్తాయి?

నాలుగు వేల మీటర్లు దాటిన కొండలు చుట్టూ ఉంటాయి. నైరుతి వైపు మాటర్‌హార్న్, 4,478 మీటర్లు. దక్షిణాన మోంటే రోసా, అందులో డుఫోర్ శిఖరం 4,634 మీటర్లు, స్విట్జర్లాండ్‌లో అన్నిటికంటే ఎత్తు. తూర్పున బాగా దగ్గరగా రిమ్‌ఫిష్‌హార్న్. ఉత్తరాన టేష్‌హార్న్, డోమ్. వాయవ్యాన వైస్‌హార్న్, పేరుకి తగ్గట్టు తెల్లగా.

ఫొటోల కోసం వచ్చేవాళ్ళకు ఒక సలహా. మాటర్‌హార్న్ ఇటువైపు ముఖం తూర్పుది. పొద్దున దాని మీద ఎండ పడుతుంది, మధ్యాహ్నం దాటాక సూర్యుడు దాని వెనక్కి పోయి నల్లటి ఆకారం మిగులుతుంది. స్టెల్లిజేలో దాని నీడ కూడా గాలి లేవకముందే. 1865 జూలై 14న ఎడ్వర్డ్ వింపర్ బృందం ఏడుగురు మొదటిసారి దాన్నెక్కారు. దిగేటప్పుడు తాడు తెగి నలుగురు పడిపోయారు. తెగిన ఆ తాడు జెర్మాట్ మ్యూజియంలో ఉంది. అంత సన్నదా అనిపిస్తుంది చూస్తే.

మీ కాళ్ళ కింద ఉన్న ఈ ప్రాంతపు రాయికి పెద్ద చరిత్రే ఉంది. జెర్మాట్ చుట్టుపక్కల రాళ్ళలో చాలా భాగం ఒకప్పుడు టెథిస్ అనే పురాతన సముద్రపు అడుగు. ఎదురుగా మాటర్‌హార్న్ పై భాగమేమో ఆఫ్రికా వైపు నుంచి వచ్చి దాని మీదికి ఎక్కిన పొర.

దక్షిణాన కిందికి చూస్తే ఫిండెల్ హిమానీనదం. దాని ఒడ్డున కత్తితో గీసినట్టు ఒక మట్టిగట్టు కనిపిస్తుంది. ఒకప్పుడు మంచు ఆ గట్టు అంచుదాకా ఉండేది. ఇప్పుడు మంచు ఎక్కడుందో చూసి, రెంటి మధ్య ఉన్న బూడిదరంగు ఖాళీని చూస్తే ఎవరూ వివరించక్కర్లేదు. 2022, 2023 రెండేళ్ళలోనే స్విస్ హిమానీనదాలు కలిపి పదోవంతు మంచు పోగొట్టుకున్నాయి.

జంతువులు కనిపిస్తాయా?

మార్మోట్లు తప్పకుండా వినిపిస్తాయి. ఈల లాంటి కూత ఒకటి వస్తే రెండు కాళ్ళ మీద నిలబడ్డ బొద్దు జంతువు కోసం గడ్డిలో వెతకండి. తిండి పెట్టకండి. అదృష్టం ఉంటే పై రాళ్ళలో వెనక్కి వంగిన కొమ్ముల ఐబెక్స్ మేక. బ్లౌహెర్డ్ దగ్గర నల్లమొహం గొర్రెలు మేస్తుంటాయి. కొన మీద పసుపు ముక్కు నల్లకాకులు మీ పులిహోర డబ్బా వైపే చూస్తుంటాయి.

ఇది అయ్యాక తర్వాత ఏది?

చాలామంది వెంటనే బ్రైట్‌హార్న్ అంటారు. 4,164 మీటర్లు, క్లైన్ మాటర్‌హార్న్ స్టేషన్ నుంచి మూడు వందల మీటర్ల లోపు ఎక్కుడే, నాలుగువేల మీటర్లు ఎక్కామని చెప్పుకోవచ్చు. కానీ అది పూర్తిగా హిమానీనదం మీద నడక. పైకి చదునుగా కనిపించే మంచు కింద పగుళ్ళుంటాయి. తాడు, క్రాంపాన్లు (బూట్లకు కట్టుకునే ముళ్ళపట్టీలు), వాటిని వాడటం తెలిసిన గైడు లేకుండా వద్దు. ముందు వెళ్ళినవాళ్ళ అడుగుల వెంట పోతే చాలు అనే మాట నమ్మకండి.

మంచు తొక్కకుండా ఇంకా ఎత్తుకి పోవాలంటే పక్క లోయలో బార్‌హార్న్ ఉంది, 3,610 మీటర్లు. ఒక రాత్రి 2,519 మీటర్ల దగ్గర టుర్ట్‌మన్ గుడిసెలో పడుకుని తెల్లవారుజామున బయల్దేరాలి. ఆగస్టు వారాంతాల్లో అక్కడ పడక కావాలంటే చాలా ముందే బుక్ చేసుకోవాలి. శాకాహార భోజనం కావాలని బుక్ చేసేటప్పుడే చెప్పండి, రాత్రి బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే ఉత్త రొట్టె, చీజుతో సరిపెట్టుకోవాల్సి రావచ్చు.